పోకర్‌లో 38,600 హ్యాండ్లు (ఆటలు) ఆడి పోగొట్టుకున్నది దురదృష్టమా, మోసమా, నా ఆటేనా? లెక్క తెలిసినవాళ్లు చూడండి

కాలవగట్టు, పాలకొల్లు
శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. ఎక్కడ ఆడాలి, ఎలా గెలవాలి అని అడగడానికి రాలేదు. రెండేళ్లు చదువు కోసం ఇంగ్లండులో ఉన్నాను. అక్కడ ఆన్‌లైన్ పోకర్‌కి చట్టం ఒప్పుతుంది. ఆరుగురు కూర్చునే టేబుళ్లలో నో-లిమిట్ హోల్డెమ్ (చేతికి రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు) ఆడాను, చిన్న పందేలే. ఇంటికొచ్చి ఆర్నెల్లయింది, వచ్చాక ఒక్క హ్యాండ్ కూడా ముట్టుకోలేదు. కానీ అక్కడ ఆడినవన్నీ ఫైల్లో భద్రంగా ఉన్నాయి.

ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, నా రూమ్మేట్ అందులో సగం వాటా పెట్టాడు. తణుకు అబ్బాయి, నాకు తమ్ముడి లెక్క. డబ్బు పోయాక "సైటే మోసం చేసిందిరా" అని చెప్పాను. ఎదురు అడగకుండా నమ్మేశాడు. ఆ మాట నిజమో కాదో నేను ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. అది మనసులో ముల్లులా ఉండిపోయింది.

అంకెలు ఇవండి. గెలుపోటముల్ని బిగ్ బ్లైండ్లలో, అంటే ముక్కలు చూడకముందే పెట్టాల్సిన పందెం లెక్కన చెబుతాను. మొదటి 15,000 హ్యాండ్లలో (బిగ్ బ్లైండ్ 10 పెన్నీలు) 1,200 బిగ్ బ్లైండ్లు గెలిచాను. అంటే నూరు హ్యాండ్లకి 8. తర్వాత 25 పెన్నీల టేబుల్‌కి మారాను. అక్కడ 23,600 హ్యాండ్లలో 2,744 బ్లైండ్లు పోయాయి. నూరుకి 11.6 చొప్పున నష్టం. మొత్తం మీద 38,600 హ్యాండ్లలో 1,544 బ్లైండ్ల నష్టం. డబ్బులో చెప్పాలంటే ముందు 120 పౌండ్లు వచ్చాయి, తర్వాత 686 పోయాయి.

నేను కట్టిన లెక్క: నూరు హ్యాండ్లకి నా స్టాండర్డ్ డీవియేషన్ (ఫలితం సగటుకి అటూ ఇటూ ఎంత ఊగుతుందో ఆ కొలత) 92 బ్లైండ్లని ట్రాకర్ (హ్యాండ్ల లెక్క కట్టే సాఫ్ట్‌వేర్) చూపిస్తోంది. 23,600 అంటే నూరేసి చొప్పున 236 కట్టలు. 92ని 236 వర్గమూలంతో భాగిస్తే 6, అంటే నా సగటు రేటు మామూలుగా ఊగే కొలత. నా అసలు రేటు +8 అయితే, వచ్చింది −11.6. తేడా 19.6, అంటే మూడు రెట్ల పైమాటే. సంభావ్యతల పట్టికలో చూస్తే ఇలా జరిగే అవకాశం రెండు వేలలో ఒకటి. దీన్ని మోసం అనక ఏమనాలి? పైగా రెండు ఏసులు చేతిలో ఉండగా ఫ్లాప్ (బల్ల మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) పడకముందే మొత్తం డబ్బు లోపలికెళ్లిన సందర్భాలు 34. అందులో 27, 28 గెలవాలి. గెలిచింది 22.

ముక్కతిరగలేదు, తాడేపల్లిగూడెం
శుక్రవారం రాత్రి 10:05

ఇంకా సందేహమేంటి తమ్ముడూ? రెండు వేలలో ఒకటి అని నువ్వే కట్టావు. నేను రమ్మీ యాప్‌లో రెండేళ్లు చూశాను. పందెం పెంచిన రోజే జోకరు ముఖం చాటేసేది. కొత్తగా చేరినవాణ్ణి నాలుగు రోజులు గెలిపిస్తారు, ఆ తర్వాత పిండుతారు. నీ మొదటి 15,000 అదే.

నిర్వాహకులు
శుక్రవారం రాత్రి 10:20

చర్చ కొనసాగించండి. ఒక్క సంగతి మాత్రం గుర్తుండాలి. మన రాష్ట్రంలో 2020 నుంచి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ నిషేధం. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు దేశమంతటా నిషేధంలోకి వచ్చాయి. సైట్ల పేర్లు, లింకులు పెడితే పోస్టు తీసేస్తాం. గణాంకాల చర్చకు అభ్యంతరం లేదు.

గణితం_మాస్టారు, అమలాపురం
శనివారం ఉదయం 6:15

బాబూ, ఫైలు దాచుకోవడం చాలా మంచి పని. నలుగురిలో నాలుగోవాడు కూడా ఆ పని చెయ్యడు. నీ గుణకారాలు, భాగహారాలు తప్పు కాదు. మొదలుపెట్టిన చోటు తప్పు. అదీ రెండు తప్పులు.

మొదటిది. "నా అసలు రేటు +8" అన్నావు. అది నీకెవరు చెప్పారు? 15,000 హ్యాండ్లు చెప్పాయి. 23,600 హ్యాండ్లనే ఆ సందేహంతో చూసినవాడివి, 15,000ని మాత్రం శిలాశాసనంలా తీసుకున్నావు. దానికీ అదే సూత్రం వెయ్యి. 92ని 150 వర్గమూలంతో భాగిస్తే 7.5. దానికి రెట్టింపు అటూ ఇటూ వేసుకుంటే ఆ +8 నిజానికి −7 అయినా కావచ్చు, +23 అయినా కావచ్చు. రెండు ముక్కల్లోనూ ఊగిసలాట ఉన్నప్పుడు తేడాకి రెండింటినీ కలపాలి. 7.5 వర్గం, 6 వర్గం కూడి వర్గమూలం తీస్తే 9.6. నీ తేడా 19.6ని దానితో భాగించు. రెండు చిల్లర. రెండు వేలలో ఒకటి కాస్తా ఒక్క దిద్దుబాటుతో దాదాపు యాభైలో ఒకటి అయింది.

రెండోది ఇంకా పెద్దది. 15,000 దగ్గర ఎందుకు కోశావు? టేబుల్ మారిన చోటు అంటావు. మరి టేబుల్ ఎప్పుడు మారావు? గెలుపు శిఖరం మీద ఉన్నప్పుడు. గెలిచాం కాబట్టే పై టేబుల్‌కి ఎక్కుతాం. అంటే నీ గీత గ్రాఫ్‌లో అన్నిటికంటే ఎత్తు బిందువు దగ్గరే పడింది. శిఖరం నుంచి కొలిస్తే ఎవరి గ్రాఫైనా లోయే.

మనం గోదారి పక్కన పుట్టిన వాళ్లం, మనకిది తెలియనిది కాదు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. ఈ గీతలు నీళ్లు రాకముందే గీసి ఉంచారు. అందుకే హెచ్చరిక ఎగరేస్తే లంకల్లో జనం గేదెల్ని తోలుకుని గట్టెక్కుతారు. వరద వచ్చాక, అది ఎంతవరకు వచ్చిందో చూసుకుని అక్కడ గీత గీస్తే, ప్రతి ఏడూ ప్రమాదమే అవుతుంది. నువ్వు చేసింది అది. పరీక్ష ఏమిటో, ఎక్కడినుంచి ఎక్కడివరకో, ఏ అంకె దాటితే మోసమంటావో, ఇవన్నీ డేటా చూడకముందే రాసుకోవాలి.

మొత్తం 38,600 ఒకేసారి చూడు. నూరుకి −4. ప్రామాణిక దోషం, అంటే అదే భాగహారంతో వచ్చే ఊగిసలాట కొలత, 4.7. కాబట్టి నీ అసలు రేటు సుమారు −13 నుంచి +5 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. సున్నా ఆ మధ్యలోనే ఉంది.

కోనసీమ_కుర్రోడు, ముమ్మిడివరం
శనివారం ఉదయం 11:30

మాస్టారు చెప్పిన శిఖరం సంగతి కంప్యూటర్లో ఆడించి చూశానండి. ఏ నైపుణ్యమూ లేని, ఏ నష్టమూ లేని, సగటు సరిగ్గా సున్నా ఉన్న ఆటగాణ్ణి తీసుకున్నాను. డీవియేషన్ 92. అలాంటివాడితో 38,600 హ్యాండ్లు ఆడించి, శిఖరం నుంచి లోయ దాకా అతి పెద్ద పతనం ఎంతో రాసుకున్నాను. ఇలా పది వేల మందిని ఆడించాను.

సగటు పతనం 2,250 బ్లైండ్ల దగ్గర వచ్చింది. కాలవగట్టు గారిది 2,744. అంతకు మించి పడినవాళ్లు దాదాపు నాలుగింట ఒక వంతు. మోసం లేదు, తప్పు ఆట లేదు, ఉత్త పాచిక. అయినా నలుగురిలో ఒకరికి ఇంత గొయ్యి.

నిజం చెప్పాలంటే నేనూ ఇంత ఊహించలేదు. స్క్రీను మీద ఆ గ్రాఫులు చూస్తుంటే సగానికి సగం ఎవరో కావాలని గీసినట్టే ఉన్నాయి. ఒకడు 20,000 హ్యాండ్లు ఎక్కుతూనే ఉన్నాడు, ఇంకొకడు దిగుతూనే ఉన్నాడు. ఇద్దరిదీ ఒకటే సూత్రం. కాగితంతో సరిచూడాలనుకునేవాళ్లకి: సగటు సున్నా అయినప్పుడు అతి పెద్ద పతనం సగటు విలువ, డీవియేషన్‌ని కట్టల సంఖ్య వర్గమూలంతో గుణించి 1.25 రెట్లు చేస్తే వస్తుంది. 92, 19.65, 1.25 గుణించండి. 2,260.

ఇంకో ప్రశ్న కాలవగట్టు గారూ, రేక్ (పందెం డబ్బులోంచి సైటు తీసుకునే కోత) ఎంత కట్టారు?

చెరువుగట్టు, భీమవరం దగ్గర
శనివారం మధ్యాహ్నం 1:10

నాకు పోకర్ తెలీదండి, వనామీ రొయ్యల చెరువులు తెలుసు. మాస్టారు చెప్పింది మాకు చెక్‌ట్రే (రొయ్య మేత తింటోందో లేదో చూసే పళ్లెం) పాఠం. ఒక్క మూల ట్రే లేపి మేత మిగిలిపోయిందని "రొయ్య మేత తినట్లేదు, రోగమొచ్చింది" అని మందులు కొట్టేసినవాళ్లని చూశాను. రెండో మూల ట్రే ఖాళీగా ఉంటుంది. వల విసిరి కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలో) చూసినా అంతే. ఒక విసురుకి అరవై కౌంటు, పక్క విసురుకి డెబ్బై. రెండూ ఒకే చెరువు. ఏ విసురు నచ్చితే దాన్నే పట్టుకుని కొనుగోలుదారుతో బేరమాడితే పట్టుబడి రోజున ఏడవాలి.

ముక్కతిరగలేదు, తాడేపల్లిగూడెం
శనివారం మధ్యాహ్నం 2:45

కంప్యూటర్లో బొమ్మలాట ఆడించి నిజం ఆట గురించి చెప్పేస్తే ఎలాగండి? 34 సార్లు ఏసులు పెట్టుకుని 12 ఓడిపోవడం మాటేంటి? దానికి శిఖరాలూ లోయలూ లేవుగా. మాస్టారూ, సైట్లు మోసం చెయ్యవనా మీరనేది?

గణితం_మాస్టారు, అమలాపురం
శనివారం సాయంత్రం 5:30

చెయ్యవని నేననలేదు నాయనా. చేశారు, రుజువైంది కూడా. 2007లో అబ్సల్యూట్ పోకర్‌లోనూ, ఆ మరుసటేడు అల్టిమేట్‌బెట్‌లోనూ లోపలివాళ్లే ఎదుటివాళ్ల ముక్కలు చూస్తూ ఆడిన సంగతి బయటపడింది. వాటిని పట్టుకున్నది ఎవరనుకున్నావు? ఆటగాళ్లే. ఫైళ్లు ముందేసుకుని, కొన్ని ఖాతాల గెలుపు రేటు మిగతా జనం ఉన్న గుంపుకి ఎంత దూరంలో ఉందో లెక్కగట్టారు. అది రెండు, మూడు డీవియేషన్ల వ్యవహారం కాదు, మామూలు ఆటగాడు జీవితకాలం ఆడినా చేరలేనంత ఎత్తు. గణాంకాలు మోసాన్ని కాపాడవు. నిజమైన మోసాన్ని గట్టిగా పట్టిస్తాయి కాబట్టే, లేనిచోట ఉందని వాటితో అనిపించకూడదు.

ఏసుల సంగతి. ఎదుటివాడి ముక్కల్ని బట్టి ఒక్కోసారి గెలుపు 80 శాతానికి అటూ ఇటూ ఉంటుంది. రాజుల జత ఎదురైతే 82. సగటున 81 అనుకుందాం. 34లో 27.5 గెలవాలి, డీవియేషన్ 2.3. కాలవగట్టుకి వచ్చింది 22. దాదాపు వందలో రెండుసార్లు జరిగే దురదృష్టం. తక్కువది కాదు, ఒప్పుకుంటున్నాను. కానీ ఏసుల్నే ఎందుకు లెక్కపెట్టారు? నొప్పి అక్కడుంది కాబట్టి. రాజుల జత, రాణుల జత, ఫ్లష్ డ్రాలు, రమ్మీలో అయితే జోకర్లు, పందెం పెంచిన రోజులు ఇలా ఇరవై రకాలు చూసుకుంటూ పోతే, ఏ మోసమూ లేకపోయినా అందులో ఒకటి ఇరవైలో ఒకటి అనే గీత దాటడం మామూలే.

కాబట్టి బాబూ, నీకు పని చెబుతున్నాను. ఫైలు తెరవకముందే ఇక్కడ రాస్తున్నాను, అందరూ సాక్షి. నాలుగు అంకెలు తియ్యి. ఒకటి, చేతికి జతలు ఎన్నిసార్లు వచ్చాయి. పదిహేడింట ఒకసారి రావాలి. రెండు, ఏసుల జత. 221లో ఒకసారి. మూడు, జతతో ఫ్లాప్ చూసినప్పుడు అదే రకం మూడోది ఎన్నిసార్లు తగిలింది. నూటికి 11.8. నాలుగు, ఏసులే కాదు, అన్ని ఆల్-ఇన్‌లూ (ఉన్న డబ్బంతా పెట్టేసిన హ్యాండ్లు) కలిపి ఎన్ని గెలవాలి, ఎన్ని గెలిచావు. నాలుగింటిలో ఏదైనా మూడు డీవియేషన్లు దాటితే నేను ముక్కతిరగలేదు గారి పక్షం.

కాలవగట్టు, పాలకొల్లు
శనివారం రాత్రి 11:50

తీశానండి మాస్టారూ.

జతలు: రావలసినవి 2,271, డీవియేషన్ 46, వచ్చినవి 2,239.
ఏసులు: రావలసినవి 175, డీవియేషన్ 13, వచ్చినవి 181.
ఫ్లాప్‌లో మూడోది: 1,460 సార్లు చూశాను, 172 రావాలి, డీవియేషన్ 12, వచ్చినవి 163.
ఆల్-ఇన్‌లు: 212. రావలసిన గెలుపులు 121.4, డీవియేషన్ 6.5, వచ్చినవి 114.

ఏసులు రావలసినదానికంటే ఆరుసార్లు ఎక్కువే వచ్చాయట. అది చూసి కాసేపు అలా కూర్చుండిపోయాను. రెండేళ్లుగా నాకు ఏసులు రావని చెప్పుకు తిరిగాను.

కుర్రోడు గారూ, రేక్ 2,316 బ్లైండ్లు కట్టాను. నూరుకి 6.

కోనసీమ_కుర్రోడు, ముమ్మిడివరం
ఆదివారం ఉదయం 8:20

అయితే చూడండి. మీ నష్టం 1,544. రేక్ 2,316. రేక్ తీసేస్తే మీరు 772 బ్లైండ్లు గెలిచినట్టు, నూరుకి 2. ఎదుటివాళ్ల మీద మీరు ఓడిపోలేదేమో కూడా. ఆ బల్ల మీద ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా సైటువాడి కోత వాడికి పడుతూనే ఉంది. ఫలానావాణ్ణి ఓడించాలని ముక్కలు తారుమారు చెయ్యాల్సిన అవసరం వాడికేముంటుంది ముక్కతిరగలేదు గారూ?

ముక్కతిరగలేదు, తాడేపల్లిగూడెం
ఆదివారం ఉదయం 9:00

ఈ నాలుగు అంకెలకీ నా దగ్గర జవాబు లేదు. నా రమ్మీ గురించి మాత్రం నా మాట మార్చుకోను, నా దగ్గర ఫైలు లేదు కాబట్టి రుజువూ లేదు.

రావులపాలెం_అరటితోట
ఆదివారం మధ్యాహ్నం 3:15

రెండు రోజులుగా చదువుతున్నాను. లెక్కలు బాగున్నాయి, కాదనను. కానీ నాకు భయమేస్తోంది, అందుకే రాస్తున్నాను.

మా పెద్దన్నయ్య క్లబ్బులో పదమూడు ముక్కలాట ఆడేవాడు. చదువుకున్నవాడే. ఆయనకీ ఒక నోట్‌బుక్ ఉండేది, తేదీ వేసి ఎంత వచ్చిందో రాసేవాడు. "చెల్లీ, రమ్మీ నైపుణ్యం ఉన్న ఆటేనని 1968లోనే సుప్రీంకోర్టు చెప్పింది, ఇది పాడుకాలం అంతే, దాటిపోతుంది" అనేవాడు. రెండెకరాల అరటితోట వెళ్లిపోయాక ఆ నోట్‌బుక్ నా చేతికొచ్చింది. పేజీలన్నీ తిరగేశాను. వచ్చిన రోజులే ఉన్నాయి. పోయిన రోజులకి తేదీ కూడా లేదు. అబద్ధం రాయాలని రాయలేదు మా అన్నయ్య. ఓడి వచ్చిన రాత్రి పెన్ను పట్టే ఓపిక ఆ మనిషికి ఉండదు, అంతే.

మీరు "ఇది మామూలు ఊగిసలాటే, నలుగురిలో ఒకరికి జరుగుతుంది" అని చెప్పినప్పుడు, ఇలాంటివాడు దాన్ని "అయితే ఇంకా ఆడొచ్చు" అని వింటాడు. మాస్టారూ, ఆ −13 నుంచి +5 అన్నారు చూశారా, ఆ అంకెలో +5నే చూస్తాడండి వాడు. −13 వాడి కంటికి ఆనదు.

గణితం_మాస్టారు, అమలాపురం
ఆదివారం రాత్రి 7:40

అమ్మా, మీరు చెప్పింది ఈ చర్చలో అన్నిటికంటే బరువైన మాట. మీ అన్నయ్యగారి నోట్‌బుక్ గురించి పొద్దుటినుంచి ఆలోచిస్తున్నాను. ముప్పై ఏళ్లు పిల్లలకి శాంపిల్ పక్షపాతం గురించి పాఠం చెప్పాను. ఇంతకంటే నిక్కమైన ఉదాహరణ ఎన్నడూ ఇవ్వలేకపోయాను.

మీరన్నది గణితపరంగా కూడా నిజం. "దురదృష్టం అయి ఉండొచ్చు" అంటే "దురదృష్టమే" అని కాదు. ఆ అంకె చెబుతున్నది ఒక్కటే: ఇంత డేటాతో డబ్బు లెక్క ఏమీ తేల్చలేదు. ఎంత డేటా కావాలో చూడండి. దోషం నూరుకి ఒక్క బ్లైండుకి దిగాలంటే 92ని 92తో హెచ్చవేసినన్ని కట్టలు కావాలి. 8,464 కట్టలు, అంటే ఎనిమిది లక్షల నలభై ఆరు వేల హ్యాండ్లు. ఈ అబ్బాయి ఆడినదానికి ఇరవై రెండు రెట్లు. దోషాన్ని సగం చెయ్యాలంటే హ్యాండ్లు నాలుగు రెట్లు కావాలి, దానికి దొడ్డిదారి లేదు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు గారు 1945లోనే చూపించారు, ఉన్న డేటా నుంచి ఎంత తెలివైన పద్ధతిలో పిండినా కచ్చితత్వానికి ఒక హద్దు ఉంటుందని. అన్ని లక్షల హ్యాండ్లు ఆడి తేల్చుకుందామనుకునేలోపు తోట మిగలదు. అది మీ అన్నయ్యగారి కథ.

కానీ బాబూ కాలవగట్టూ, డబ్బు చెప్పలేనిది వేరే చోట ఉంటుంది. డబ్బులో ఎదుటివాడి ముక్కలున్నాయి, ఐదో కార్డు ఉంది, అందుకే అంత ఊపు. నీ చేతిలో ఉన్న పనికి అంత ఊపు ఉండదు. ప్రతి హ్యాండ్‌లోనూ డబ్బు పెట్టాలా, ముక్కలు పారెయ్యాలా అన్నది నువ్వే నిర్ణయించావు. అది ఔను, కాదు అనే లెక్క, వేల హ్యాండ్లకే గట్టిపడుతుంది. నలుడి కథలో ఋతుపర్ణుడు తాండ్రచెట్టు కొమ్మలకి ఇన్ని ఆకులు, ఇన్ని కాయలని చూపుతోనే చెబితే, నలుడు నమ్మలేదు. చెట్టు కొట్టి లెక్కపెట్టుకున్నాడు. పాచికల గుట్టు ఆ తర్వాతే అతనికి దక్కింది. నువ్వు నీ చెట్టు కొట్టి చూడు. నీ వీపీఐపీ ఎంత? మొదటి భాగంలో ఎంత, రెండో భాగంలో ఎంత?

కాలవగట్టు, పాలకొల్లు
ఆదివారం రాత్రి 9:10

తెలియనివాళ్లకి: వీపీఐపీ అంటే నూటికి ఎన్ని హ్యాండ్లలో ఇష్టపడి డబ్బు పెట్టానో ఆ శాతం. బ్లైండ్లు లెక్కలోకి రావు.

మొదటి 15,000లో 24 శాతం. తర్వాతి 23,600లో 31 శాతం.

అన్నిటికంటే ముందు రూమ్మేట్‌కి నేను చెప్పిన మాట "పాతిక దాటను, మంచి ముక్కలే ఆడతాను" అని. అందుకే వాటా పెట్టాడు.

గణితం_మాస్టారు, అమలాపురం
ఆదివారం రాత్రి 9:35

మొదటి శాతానికి దోషం 0.35, రెండోదానికి 0.30. కలిపితే 0.46. తేడా 7. పదిహేను రెట్లు. డబ్బులో రెండు రెట్లకి రెండు రోజులు వాదించుకున్నాం. ఇక్కడ వాదనకి చోటు లేదు. నీ ఆట మారింది. దాన్ని ఏ పాచిక మీదకీ నెట్టలేవు.

చెరువుగట్టు, భీమవరం దగ్గర
ఆదివారం రాత్రి 10:00

తమ్ముడూ, ఒక మాట అడుగుతాను. ఏ టైములో ఆడేవాడివి? మా చెరువులో ఆక్సిజన్ పగలంతా బాగానే ఉంటుంది, తెల్లవారుజామున పడిపోతుంది. మధ్యాహ్నం మీటరు పెట్టి చూసినవాడికి ఎప్పటికీ కనపడదు. రోజంతటి సగటు చూసినా కనపడదు. మూడు గంటలకి లేచి గట్టు మీదకెళ్తేనే తెలుస్తుంది ఏరేటర్ ఎందుకు వెయ్యాలో.

కాలవగట్టు, పాలకొల్లు
సోమవారం తెల్లవారుజామున 1:20

అన్నయ్యా, మీ పోస్టు చదివాక నిద్రపట్టలేదు. టేబుల్ మారిన సమయానికే నేను గోడౌన్‌లో సాయంత్రం షిఫ్టులో చేరాను. పదకొండున్నరకి గది చేరేవాణ్ణి. అన్నం తింటూ టేబుల్ తెరిచేవాణ్ణి.

23,600లో అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు మధ్య ఆడినవి 14,200. వాటిలో వీపీఐపీ 35. మిగతా 9,400లో 25.

నష్టం: రాత్రివి 2,358 బ్లైండ్లు. మిగతావి 386.

కోనసీమ_కుర్రోడు, ముమ్మిడివరం
సోమవారం ఉదయం 7:50

తొందరపడకండి. అర్ధరాత్రి దాటాక టేబుల్ మీద ఆరుగురూ ఉండరు. నలుగురే మిగిలితే ఎవరైనా ఎక్కువ ముక్కలు ఆడాల్సిందే, అది సరైన ఆట కూడా. ఐదుగురు, ఆరుగురు కూర్చున్నప్పటి హ్యాండ్లు మాత్రమే వడగట్టి మళ్లీ తియ్యండి.

కాలవగట్టు, పాలకొల్లు
సోమవారం ఉదయం 8:40

రాత్రి హ్యాండ్లలో అలాంటివి 9,800. వీపీఐపీ 33. పగటివాటిలో అలా వడగడితే పాతికలో మార్పు లేదు, దాదాపు అన్నీ నిండు టేబుళ్లే.

గణితం_మాస్టారు, అమలాపురం
సోమవారం ఉదయం 9:30

మంచి ప్రశ్న వేశావు కుర్రోడా. రెండు శాతం ఖాళీ కుర్చీల పద్దులోకి పోయింది. మిగిలిన ఎనిమిది ఈ అబ్బాయిదే. పగటి 25కీ, మొదటి రోజుల 24కీ ఉన్న తేడా రెండు దోషాల లోపే, అంటే పగలు ఆడినవాడు మొదటినుంచీ ఒక్కడే. రాత్రి ఆడినవాడు వేరు.

అయితే ఒక జాగ్రత్త చెప్పకుండా వదలను, లేకపోతే నేను మొదట నీకు చూపిన తప్పే నేను చేసినట్టవుతుంది. రాత్రి నష్టం నూరుకి 16.6, పగటి నష్టం 4.1. తేడా పెద్దగా కనిపిస్తుంది. ఆ తేడాకి దోషం 12. అంటే డబ్బు లెక్క ప్రకారం రాత్రి ఆట పగటి ఆటకంటే చెడ్డదని రుజువు కాలేదు. "రాత్రి ఆడడం వల్లే 2,358 పోయింది" అని నువ్వు చెప్పడానికి లేదు. నువ్వు చెప్పగలిగింది ఇది: ముక్కలు పంచడంలో తేడా కనపడలేదు. డబ్బు ఊగిసలాట మామూలు హద్దులోనే ఉంది. రేక్ పెద్ద కోత కోసింది. రాత్రిళ్లు నువ్వు ఆడిన ఆట, నువ్వు మాట ఇచ్చిన ఆట కాదు. ఈ నాలుగో దాన్ని మాత్రం ఎవరి ముందైనా ఖాయంగా చెప్పొచ్చు.

రావులపాలెం_అరటితోట
సోమవారం ఉదయం 10:15

బాబూ, రాత్రి హ్యాండ్లు కూడా ఫైల్లో ఉంచుకున్నావు. మా ఇంట్లో ఆ పేజీలే లేకపోయాయి. ఆ అబ్బాయికి ఫోన్ చెయ్యి.

ముక్కతిరగలేదు, తాడేపల్లిగూడెం
సోమవారం మధ్యాహ్నం 12:05

నేను యాప్‌లో పందెం పెంచిన రోజులు ఏవో గుర్తు చేసుకుంటున్నాను. ఎక్కువ భాగం రాత్రి పూటే. ఇంతకంటే చెప్పలేను.

కాలవగట్టు, పాలకొల్లు
సోమవారం రాత్రి 10:30

సాయంత్రం వాడికి ఫోన్ చేశానండి. అక్కడ మధ్యాహ్నం, పనిలో ఉన్నాడు, పక్కకి వచ్చి మాట్లాడాడు. సైటు మోసం అని నేను చెప్పింది తప్పు, చూడకుండా చెప్పాను అన్నాను. నాలుగు అంకెలూ చదివి వినిపించాను. 24, 31 చెప్పాను. తర్వాత 35 చెప్పాను. అక్కడ కాసేపు మాట్లాడలేదు. "మనం అనుకున్నది పాతికే కదన్నా" అన్నాడు.

మొత్తం 566 పౌండ్లు పోయాయి, నీ వాటా 283, నెలనెలా పంపేస్తాను అన్నాను. ఇద్దరం కలిసి పెట్టుకున్నది కాబట్టి డబ్బు వద్దన్నాడు. గంట తర్వాత మెసేజ్ పెట్టాడు. తను గదిలో నిద్రపోతున్నప్పుడు నేను ఆడిన హ్యాండ్లు మాత్రం విడిగా షీట్ చేసి పంపమన్నాడు, తేదీల వారీగా. ఇప్పుడే పంపాను. మొదటి నెల డబ్బు కూడా వేశాను.